గర్భసంచి తీసిన తరువాతి ఏళ్లు

గర్భసంచి తీయించుకున్న స్త్రీకి ముట్టు ఆ రోజుతోనే ఆగిపోతుంది. ముట్లుడిగే వయసులో రావలసిన బాధలు మాత్రం, అండాశయాలు కూడా తీసేస్తే అప్పటినుంచే, తీయకపోయినా కొందరికి వయసుకు ముందే మొదలై ఏళ్ల తరబడి సాగుతాయి. ఒంట్లోంచి ఆవిర్లు ఎగదన్నడం, నడిరాత్రి చీర తడిసేలా చెమట పట్టడం, నిద్ర రాకపోవడం, కీళ్లు పట్టేయడం, ఊరికే ఏడుపు రావడం వీటిలో కొన్ని. తెలుగు మాట్లాడే సీమల్లో ఈ ఆపరేషన్ ఇంటింటి మాట అయిపోయింది. ఆపరేషన్ ఎక్కడ చేయించారు, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు మంచంలో ఉన్నారు అన్నవి అందరూ చెప్పుకుంటారు. తరువాతి పదేళ్లూ పదిహేనేళ్లూ ఎలా గడిచాయన్నది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఆ ఏళ్లకు కూడా ఒక చరిత్ర ఉంది.

ఆ చరిత్రను చెప్పుకోవడానికి విదురాశ్వత్థ తగిన చోటు. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో గౌరిబిదనూరు దాటి హిందూపురం వైపు వెళ్లే దారిలో, ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న క్షేత్రం ఇది. విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు 2001లో కూలిపోయింది. దాని చుట్టూ తరతరాలుగా ప్రతిష్ఠించిన నాగప్రతిమలు మాత్రం వేల సంఖ్యలో నిలిచే ఉన్నాయి. జంటపాములు పెనవేసుకున్నవి కొన్ని, పడగల నడుమ లింగం చెక్కినవి కొన్ని, ఒకదానికొకటి ఆనుకుని వరసలు వరసలుగా కనిపిస్తాయి. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ గుమిగూడిన జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల వల్ల ఈ ఊరి పేరు స్వాతంత్ర్యోద్యమ చరిత్రకెక్కింది. నాగప్రతిమల చరిత్రను అలా ఎవరూ రాయలేదు. రాళ్లమీద పేర్లు లేకపోయినా వాటిలో చాలావాటి వెనక ఉన్న మొక్కు ఒకటే: కడుపు పండాలని. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుంచీ, సరిహద్దు దాటి అనంతపురం సీమ నుంచీ వచ్చిన తెలుగు, కన్నడ స్త్రీలు రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసి, రాతిని నీట ఉంచి, పూజ చేసి నిలబెట్టిన మొక్కులవి. గర్భసంచికి ఇంత విలువ కట్టిన ఈ సీమలోనే, ఇద్దరు బిడ్డలు పుట్టాక అదే గర్భసంచి ‘పనికిరాని సంచి’గా ఎలా మారిందన్నది గత యాభై ఏళ్ల కథ.

పాతకాలపు తెలుగులో ఈ దశకు మాటలు లేకపోలేదు. ‘ముట్లుడగడం’ అనే మాట శరీరానికి జరిగేదాన్ని ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఉడుగు అంటే తగ్గిపోవడం, అణగిపోవడం. గాలివాన ఉడిగినట్టు ముట్టు కూడా మెల్లగా ఉడుగుతుందని ఆ మాటలోనే ఉంది. సంస్కృత వైద్యగ్రంథాల్లో ఇది రజోనివృత్తి. పన్నెండో ఏట మొదలయ్యే రజస్సు యాభయ్యో ఏటికి, శరీరం ముదిమితో పండినప్పుడు క్షీణిస్తుందని సుశ్రుత సంహిత చెబుతుంది. ఆ గ్రంథాలు దీన్ని రోగంగా ప్రత్యేకించి వర్ణించలేదు. ఐరోపాలో ‘మెనోపాజ్’ అనే మాట పుట్టింది కూడా అంత పాతకాలంలో కాదు. ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ 1816లో ఒక రూపంలో, 1821లో నేటి రూపంలో దాన్ని వాడుకలోకి తెచ్చాడు.

ముట్లుడగడం తెలుగు పల్లెలో కొంత స్వేచ్ఛను కూడా తెచ్చేది. మూడు రోజులు ‘బయట’ ఉండనక్కర్లేదు, గుడికీ పెళ్లికీ తిథులు లెక్కపెట్టుకోనక్కర్లేదు, వంటింట్లోకి ఎప్పుడైనా వెళ్లవచ్చు. తుమకూరు, చిత్రదుర్గ, మడకశిర వైపు గొల్లహట్టుల్లో ముట్టయిన స్త్రీని ఊరి బయట ఉంచే ఆచారం ఇటీవలి దాకా కనిపించింది. అలాంటి కట్టుబాట్ల మధ్య బతికిన స్త్రీకి ముట్టు ఆగిపోవడమంటే ఊపిరి పీల్చుకోవడం. తరువాతి కాలంలో గర్భసంచి ఆపరేషన్‌కు స్త్రీలు తొందరగా ఒప్పుకోవడానికి ఈ కోరిక కూడా ఒక కారణమైంది. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. ముట్టును అంత భారం చేసిన సమాజమే ఆ భారం దించుకునే దారిగా ఆపరేషన్‌ను చూపించింది.

ఆస్పత్రులు అందరికీ అందకముందు తెలుగు స్త్రీలు ఈ బాధలకు ఏం చేసేవారన్నదానికి ఇంటివైద్యం ఒక సమాధానం, పత్రికల్లో వచ్చిన ప్రకటనలు ఇంకొకటి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మద్రాసులోని కేసరి కుటీరం తయారుచేసిన ‘లోధ్ర’ తెలుగునాట పేరు మోసిన స్త్రీల మందు. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. దాని బెరడును ఆయుర్వేదం ముట్టు ఎక్కువగా పోవడానికీ, తెల్లబట్టకూ వాడుతుంది. ఆ మందును తయారుచేసిన వైద్యుడు కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ అనే మాసపత్రికను స్త్రీల కోసమే స్థాపించాడు. ఒకే మనిషి మందునూ పత్రికనూ నడపడం వల్ల స్త్రీల దేహబాధలు అచ్చులోకి ఎక్కాయి. పెద్దింటి ఆడవాళ్లు నోటితో చెప్పుకోలేని బాధను పోస్టులో తెప్పించుకునే సీసా ద్వారా పరిష్కరించుకునే దారి ఏర్పడింది. ఆ మందు ఎంతమందికి ఎంత మేలు చేసిందన్న లెక్క లేదు. ఆ బాధను ఒకరు గుర్తించి దానికొక పేరు పెట్టడమే ఆ స్త్రీలకు పెద్ద విషయం అయి ఉండాలి.

శస్త్రచికిత్స చరిత్ర వేరే దారిలో నడిచింది. 1813లో జర్మనీలో లాంగెన్‌బెక్ యోనిమార్గం గుండా గర్భసంచిని తీశాడు. 1843లో మాంచెస్టర్‌లో చార్లెస్ క్లే పొట్ట కోసి తీశాడు కానీ రోగి బతకలేదు. పొట్ట కోసి గర్భసంచి తీసిన తరువాత బతికి బయటపడిన తొలి రోగి 1853లో అమెరికాలోని లోవెల్ పట్టణంలో వాల్టర్ బర్నమ్ దగ్గర ఉన్నామె. అప్పట్లో ఇది ప్రాణం పణంగా పెట్టే పని. మత్తుమందు, క్రిమిరహిత పద్ధతులు, రక్తమార్పిడి, ఆ తరువాత 1930లలో సల్ఫా మందులు, యుద్ధకాలంలో పెన్సిలిన్ వచ్చాకే ఇది రోజువారీ ఆపరేషన్ అయింది. 1872లో జార్జియా రాష్ట్రానికి చెందిన రాబర్ట్ బాటీ ముట్టు బాధలకూ మనోవ్యాకులతకూ విరుగుడని ఆరోగ్యంగా ఉన్న అండాశయాలనే తీయడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతి కొన్ని దశాబ్దాలు విచ్చలవిడిగా సాగింది. యవ్వనంలోనే అండాశయాలు పోయిన స్త్రీలకు ముసలితనపు ఆవిర్లూ చెమటలూ రావడం వైద్యులు అప్పుడే స్పష్టంగా చూశారు. ముట్లుడిగే బాధలకు మూలం అండాశయమేనన్న జ్ఞానం అలా కోతపాలైన ఆ స్త్రీల శరీరాల నుంచే వచ్చింది. అండాశయపు స్రావంలోని ఈస్ట్రోజెన్‌ను వేరుచేయడం 1929 నాటికి గాని సాధ్యపడలేదు.

తెలుగు స్త్రీలకు ఈ వైద్యం మొదట మిషన్ ఆస్పత్రుల గుండా చేరింది. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ ఆ శతాబ్దం ముగిసేలోపే అక్కడ స్త్రీలకు ఆస్పత్రి నిలబెట్టింది. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి, వేలూరులో ఇడా స్కడర్ ఆస్పత్రి రాయలసీమ స్త్రీలకు అందుబాటులోకి వచ్చాయి. పాత మైసూరు రాజ్యంలో 1935 నుంచి బెంగళూరులోని వాణీవిలాస ఆస్పత్రి చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చే స్త్రీలకు పెద్ద దిక్కయింది. ఆనాటి ఆపరేషన్లు ఎక్కువగా పెద్ద గడ్డలకూ, ఆగని రక్తస్రావానికీ, గర్భసంచి జారడానికీ, క్యాన్సర్‌కూ జరిగేవి. ప్రసూతిలో ప్రాణం దక్కించుకోవడమే గండంగా ఉన్న కాలమది. యాభై దాటాక పట్టే ఆవిర్లను ఎవరూ లెక్కచేయలేదు.

ఆ కథ మలుపు తిరిగింది కుటుంబనియంత్రణతో. 1977 తరువాత మగవాళ్ల వేసెక్టమీ వెనకబడి, భారమంతా ఆడవాళ్ల ట్యూబెక్టమీ మీద పడింది. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యక్రమంలో దేశంలోనే ముందు నిలిచింది. పదిహేడు, పద్దెనిమిదేళ్లకు పెళ్లి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు ఇద్దరు బిడ్డలు, ఆ వెంటనే ఆపరేషన్ అన్నది ఒక తరం తెలుగు స్త్రీల జీవితక్రమం అయింది. కడుపులో ఒకసారి కత్తి పడ్డాక రెండోసారికి భయం తగ్గుతుంది. ముప్పై దాటాక ముట్టు ఎక్కువైనా, తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా ‘పిల్లలు ఇక వద్దు కదా, ఆ సంచితో ఏం పని’ అన్న మాట డాక్టరు నోటా, అత్త నోటా, పక్కింటి అక్క నోటా ఒకే తీరుగా వినిపించింది. తాలూకా కేంద్రాల్లో నర్సింగ్ హోములు పుట్టుకొచ్చిన కాలం కూడా అదే. స్కాన్‌లో కనిపించిన చిన్న గడ్డను చూపి, ‘ఇది క్యాన్సర్ అవుతుంది’ అన్న భయం పెడితే ఇంట్లో బంగారం కుదవకు వెళ్లేది. క్యాన్సర్ భయంతో జరిగిన ఆపరేషన్లలో చాలావాటికి అసలు క్యాన్సర్ పరీక్షే జరిగి ఉండదు. ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి అదే.

2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అంటే విదురాశ్వత్థకు కూతవేటు దూరంలోని హిందూపురం, పెనుకొండ పల్లెలు మొదటి విడతలోనే ఉన్నాయి. పేదలకు ప్రాణరక్షణ చేసిన ఆ పథకం గర్భసంచి ఆపరేషన్లకు కూడా తలుపు తెరిచింది. అవి అవసరానికి మించి జరుగుతున్నాయన్న గోల రేగాక ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో తొలిసారి ఈ విషయం అడిగినప్పుడు, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నట్టు తేలింది. దేశంలో ఇవే మొదటి రెండు స్థానాలు. ఆపరేషన్ జరిగిన మధ్యగత వయసు 34 ఏళ్లు. ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగాయి. భారతీయ స్త్రీలకు సహజంగా ముట్లుడిగేది నలభై ఆరు, నలభై ఏడేళ్లకు. ఆ పన్నెండేళ్ల తేడాలోనే ఈ వ్యాసం చెప్పే బాధ అంతా ఉంది.

హైదరాబాదు వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ పల్లెల్లో తిరిగి, చిన్న వయసులో సంచి పోగొట్టుకున్న స్త్రీల పరిస్థితిని నమోదు చేశారు. కర్ణాటకలో కలబురగి జిల్లా లంబాణీ తాండాల సంగతి, మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు కూలీల సంగతి ఆ తరువాత బయటికొచ్చాయి. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల గురించి డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలులోకి తేవాలని ఆదేశించింది. ఇదంతా ఆపరేషన్ జరగకుండా చూసే ప్రయత్నం. ఇప్పటికే ఆపరేషన్ జరిగిపోయిన లక్షలాది స్త్రీలకు ఏం చేయాలన్న ప్రశ్నకు ఇంత గట్టి సమాధానం ఇంకా రాలేదు.

ఒంట్లో జరిగేది ఇది. గర్భసంచిని మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే ముట్టు ఆగుతుంది గానీ ఈస్ట్రోజెన్ ఊరడం ఆగదు. అయినా అలాంటివారిలో అండాశయాలు కొన్నేళ్లు ముందుగానే చతికిలబడే అవకాశం ఎక్కువ. ముట్టు గుర్తు లేనందున అది ఎప్పుడు మొదలైందో స్త్రీకే తెలియదు. రెండు అండాశయాలూ తీసేస్తే కథ వేరు. సహజంగా నాలుగైదేళ్లపాటు మెల్లగా తగ్గవలసిన ఈస్ట్రోజెన్ రోజుల వ్యవధిలో పడిపోతుంది. ముట్లు ‘ఉడగడం’ కాదిది, తెగిపోవడం. మెదడులో శరీరపు వేడిని కనిపెట్టుకుని ఉండే కేంద్రం ఈస్ట్రోజెన్ లేక అదుపు తప్పుతుంది. కొంచెం వేడికే ఒళ్లు ఉడికిపోతున్నదని భ్రమించి రక్తనాళాలను విప్పి చెమట పట్టిస్తుంది. ఛాతీనుంచి మెడకూ ముఖానికీ ఎగసే ఆ మంట నాలుగైదు నిమిషాలు ఉండి, చెమట ఆరేసరికి చలి పుట్టిస్తుంది.

ఈ ఆవిర్లు కొద్దికాలంలోనే పోతాయన్న మాట చాలాకాలం వైద్యుల నోటనే ఉండేది. అమెరికాలో వివిధ జాతుల స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనం 2015లో వేరే లెక్క చెప్పింది. ఆవిర్లు తరచుగా వచ్చే వారిలో మధ్యగత కాలం 7.4 ఏళ్లు. కొందరిలో పదకొండేళ్లు దాటింది. అది సహజంగా ముట్లుడిగినవారి లెక్క. అండాశయాలు పోయినవారిలో ఆవిర్లు మరింత తీవ్రంగా ఉంటాయి. ముప్పై నాలుగేళ్లకు ఆపరేషన్ అయిన స్త్రీ నలభై అయిదేళ్లకూ రాత్రి లేచి కూర్చుంటున్నదంటే అందులో వింతేమీ లేదు. వింతగా తోచేది ఆమె మాటను నమ్మనివాళ్లకే.

నమ్మకపోవడం వల్ల ఆ బాధ రకరకాల పేర్లతో తిరుగుతుంది. గుండె దడకు గుండె పరీక్ష, కళ్లు తిరిగితే బి.పి. మాత్ర, నీరసానికి గ్లూకోజు బాటిలు, నిద్ర పట్టకపోతే ‘టెన్షన్’ అన్న మాట. చీకాకు ఎక్కువైతే గాలి సోకిందని తాయెత్తు. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు ప్రాంతంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. అక్కడి లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరోసిస్ వల్లా కీళ్లు పట్టేస్తాయి, నడుం వంగుతుంది. ఈస్ట్రోజెన్ పోవడం వల్లా అంతే. ఒకే మోకాలిలో రెండు కారణాలూ కలిసి ఉన్నప్పుడు ‘నీళ్ల దోషం’ అని ఒకటే చెప్పి వదిలేయడం సులువు.

ఇదే సీమలోని శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు పేరు మోసింది. ఆ చుట్టుపక్కల పట్టుదారం తీసే ఇళ్లలో కాగే నీళ్ల ముందు కూర్చుని గూళ్ల నుంచి పోగులు అందుకునేది ఎక్కువగా ఆడవాళ్లే. బయట నీటి ఆవిరి, లోపల ఒంటి ఆవిరి. గాలి తగిలే చోట కూర్చోవడం, గంటకొకసారి లేచి రావడం, పలుచని నూలు బట్ట కట్టుకోవడం, చన్నీళ్ల గుడ్డ మెడ వెనక వేసుకోవడం అన్నవి వైద్యపుస్తకాలు చెప్పే సలహాలే. కూలికి కూర్చున్న స్త్రీకి వాటిలో మొదటి రెండూ యజమాని దయమీద ఉంటాయి. పట్టుపని మీద ఎన్ని పథకాలు వచ్చినా ఈ సంగతి ఏ పథకంలోనూ చేరలేదంటే అది పెద్ద లోటే.

ఇంటివైద్యంలో మేలు చేసేవీ చేయనివీ కలిసి ఉన్నాయి. మజ్జిగ, సబ్జాగింజల నీళ్లు, రాగి అంబలి ఒంటికి చలవ అంటారు. ఆవిర్లను అవి ఆపకపోయినా చెమటలో పోయిన నీటిని భర్తీ చేస్తాయి. మెంతులు, పిల్లిపీచర గడ్డ, సోయా వంటివాటి మీద పరిశోధనలు జరిగాయి కానీ గట్టి ఆధారం దొరకలేదు. కాఫీ, టీ, కారం, మద్యం తగ్గిస్తే కొందరికి ఆవిర్లు తగ్గుతాయి. ఈ సీమ తిండిలో అన్నిటికంటే విలువైనది రాగిముద్దే. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూఇటూ. నువ్వుల చిమ్మిలి, అనపగింజల పులుసు కూడా ఎముకకు బలమే. రేషను బియ్యం వచ్చి ముద్ద తగ్గిన ఇళ్లలో సంచి తీయించుకున్న ఆడవాళ్లు నష్టపోయింది రుచి ఒక్కటే కాదు. దీనికి తోడు కోత తరువాతి పథ్యం ఒకటి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ, గుమ్మడి పనికిరావని నెలల తరబడి చారు అన్నంతో ఉంచడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. కోత మానడానికి మాంసకృత్తులు కావలసిన సమయంలోనే వాటిని ఆపుతున్నారు. ప్రేమతో చేసే ఆ పథ్యమే కీడు చేస్తుంది.

ఎముకల మీద పడే దెబ్బ బయటికి కనిపించదు. 1941లో బోస్టన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్, ముట్లుడిగిన తరువాత ఎముక గుల్లబారడాన్ని వర్ణించినప్పుడు, ఆపరేషన్‌తో అండాశయాలు పోయిన స్త్రీలు కూడా ఆ వర్ణనలో ఉన్నారు. ఈస్ట్రోజెన్ పోయిన తొలి కొన్నేళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న పేదింటి స్త్రీల నడుం నొప్పి మీదా, ఎముకల మీదా పరిశోధించి, తక్కువ తిండి తిన్న శరీరానికి మొదటినుంచీ ఎముక నిల్వ తక్కువేనని చూపించారు. నిల్వ తక్కువైన చోట నష్టం ముందుగా మొదలైతే యాభై ఏళ్లకే తుంటి, వెన్ను విరిగే ప్రమాదం ఉంటుంది. గుండె సంగతీ అంతే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఓమ్‌స్టెడ్ కౌంటీ రికార్డులు పరిశీలించినప్పుడు, 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ తీసేసి ఈస్ట్రోజెన్ ఇవ్వని స్త్రీలలో మరణాలు ఎక్కువని 2006లో తేలింది.

పోయిన ఈస్ట్రోజెన్‌ను బయటినుంచి ఇచ్చే చికిత్స చరిత్రకు ఎత్తుపల్లాలు ఎక్కువ. చూలుతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రకు 1942లో అమెరికాలో అనుమతి దొరికింది. 1966లో రాబర్ట్ విల్సన్ రాసిన పుస్తకం, నిత్యయవ్వనానికి ఇదే దారి అని ఊదరగొట్టింది. 1975లో అదే మాత్ర గర్భసంచి లోపొరకు క్యాన్సర్ తెస్తుందని తేలింది. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టోజెన్ అనే మరో హార్మోన్ కలిపి ఇవ్వాలన్న నియమం దాంతో వచ్చింది. 2002లో ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ పరీక్షలో ఆ జంటమందు రొమ్ము క్యాన్సర్‌నూ, గుండెజబ్బునూ పెంచుతోందని చెప్పి మధ్యలో ఆపేశారు. ప్రపంచమంతా చాలామంది స్త్రీలు మందు మానేశారు, చాలామంది వైద్యులు రాయడం మానేశారు. అదే పరీక్షలో గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి చూసిన రెండో భాగం ఉంది. దాన్ని కూడా పక్షవాతం ముప్పు పెరిగిందని 2004లో ఆపారు. అయితే వారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తుంటి విరగడం తగ్గింది. పైగా ఆ పరీక్షలో చేరినవారి సగటు వయసు అరవై దాటింది. ముప్పై అయిదేళ్లకు అండాశయాలు పోయిన స్త్రీకి ఆ ఫలితాలను అంటగట్టడం తప్పు. అంత చిన్న వయసులో ఈస్ట్రోజెన్ ఇవ్వడం ఉన్నదాన్ని నిలబెట్టడమేనని, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా కొనసాగించడం మేలని నేటి వైద్యం చెబుతుంది. గర్భసంచి లేదు గనుక సాధారణంగా ప్రొజెస్టోజెన్ అవసరం కూడా ఉండదు. మాత్రకంటే చర్మానికి రాసే జెల్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి, కాలేయం చెడినవారికి ఇది సాధారణంగా తగదు. ఈ తేడాలు తెలియక పల్లెల్లో ‘హార్మోన్ మందు అంటే క్యాన్సర్’ అన్న ఒక్క మాటే మిగిలింది. ఆపరేషన్‌కు ముందు స్త్రీని ఒప్పించిన క్యాన్సర్ భయమే ఆపరేషన్ తరువాత ఆమెకు మందు అందకుండా చేస్తున్నది.

హార్మోన్ పడనివారికి వేరే దారులున్నాయి. దిగులుకు ఇచ్చే మందుల్లో కొన్ని తక్కువ మోతాదులో ఆవిర్లను తగ్గిస్తాయి. వాటిలో పరాక్సెటీన్‌కు 2013లో అమెరికాలో ఇందుకోసమే అనుమతి వచ్చింది. గాబాపెంటిన్ రాత్రి చెమటలకు పనిచేస్తుంది. మెదడులోని వేడి కేంద్రం మీదే పనిచేసే ఫెజోలినెటాంట్‌కు 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆలోచనల తీరును సరిచేసే మాటల చికిత్స ఆవిర్ల సంఖ్యను తగ్గించకపోయినా వాటి బాధను, నిద్రలేమిని తగ్గిస్తుందని తేలింది. తాలూకా ఆస్పత్రిలో వీటిలో ఏది దొరుకుతుందన్నది వేరే ప్రశ్న. నడక, బరువులు మోసే పని ఎముకను నిలబెడతాయి. పొలం పని చేసే స్త్రీకి ఆ మేలు కొంత దక్కుతుంది. ఆపరేషన్ తరువాత ‘నువ్వు ఇక బరువెత్తకూడదు’ అని జీవితాంతం కూర్చోబెట్టే జాగ్రత్తకు ఆధారం లేదు. కోత మానే ఆరేడు వారాలకే అది వర్తిస్తుంది.

ఎవరూ నోరు విప్పని బాధ ఒకటి మిగిలింది. ఈస్ట్రోజెన్ తగ్గితే యోని పొర పలచబడి, ఎండి, మంట పెడుతుంది. కలయిక నరకమవుతుంది, మూత్రం మాటిమాటికీ వస్తుంది, మూత్రానికి వెళ్లినప్పుడల్లా మంట. ఆవిర్లు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి గానీ ఇది చికిత్స లేకుండా తగ్గదు, ముదురుతుంది. అక్కడే రాసే ఈస్ట్రోజెన్ క్రీము చాలా తక్కువ మోతాదులో పనిచేస్తుంది, ఒంట్లోకి దాదాపు ఎక్కదు. మందుల దుకాణంలో దొరికే ఈ క్రీము పేరు చాలామంది స్త్రీలకు తెలియదు. భర్త దగ్గరికి వెళ్లలేకపోతే ‘సంచి తీశాక మనసు పోయింది’ అని తనలోనే తప్పు వెతుక్కుంటుంది స్త్రీ. భర్త ఆమెను తప్పుపడతాడు. ఈ ఒక్క బాధ వల్ల ఎన్ని కాపురాలు చీకట్లో పగిలాయో లెక్క కట్టే సర్వే లేదు.

తెలుగులో ఈ విషయాలు దాపరికం లేకుండా రాసిన పుస్తకం 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు వైద్యులతో కలిసి, స్త్రీల ఒంటి సంగతులను ఆడవాళ్ల మాటల్లోనే రాశారు. ముట్టు, కాన్పు, అబార్షన్లతో పాటు అనవసరపు ఆపరేషన్ల ప్రస్తావన కూడా తెలుగు పాఠకురాలి చేతికి ఒకే చోట అందింది. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు పాడుకునే చింతామణి ఇళ్లకు ఆ పుస్తకం చేరి ఉంటుందని చెప్పలేం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు అన్న ఈ సీమలో అచ్చు తెలుగు చదవగలిగే స్త్రీలే తక్కువ. ఆరోగ్యం గురించిన కరపత్రం ఏదైనా కన్నడంలోనే ఉంటుంది. ఇంట్లో అమ్మకు తెలుగులో విడమర్చి చెప్పవలసింది బడికి వెళ్లే కూతురు, లేదా ఆశా కార్యకర్త.

ఆస్పత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితం మీద ఆంగ్ల అక్షరాల్లో ‘టీఏహెచ్’ అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని అర్థం. దాని పక్కన ‘బీఎస్‌ఓ’ అని ఉంటే రెండువైపులా గొట్టాలూ అండాశయాలూ కూడా తీసేశారని. ఈ మూడక్షరాలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే ఆమెకు ఈస్ట్రోజెన్ కావాలా, ఎన్నేళ్లు కావాలి, ఎముక పరీక్ష ఎప్పుడు చేయాలి అన్నవన్నీ తేలుతాయి. ఎన్నో ఇళ్లలో ఆ కాగితం పెట్టె అడుగున చిరుగులు పట్టి ఉంటుంది, కొన్ని ఇళ్లలో అసలు ఉండదు. కాగితం లేనప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌కు రక్తపరీక్ష, పొత్తికడుపు స్కాన్ చేసి అండాశయాలు ఉన్నాయో లేవో, పనిచేస్తున్నాయో లేదో కొంతవరకు తెలుసుకోవచ్చు. ఈ రెండు పరీక్షలూ చిక్కబళ్లాపురం వంటి జిల్లా కేంద్రంలో జరిగేవే.